అద్దానికి తాగించిన పసరు

మా స్నానాల గది అద్దానికి మచ్చలొచ్చాయి. కొని ఎంతో కాలం కాలేదు. అంచు దగ్గర నల్లగా మొదలై, ఇప్పుడు సరిగ్గా నా ఎడమ చెంప కనిపించాల్సిన చోటికి చేరాయి. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు ఆ చెంప అక్కడే ఉందని నమ్మి గీసుకుంటున్నాను. కొట్టతనికి ఫోన్ చేస్తే "తేమ తగిలిందండీ" అన్నాడు, స్నానాల గదిలో నీళ్ళు వాడటం నా పొరపాటన్నట్టు. కొత్తది కొనుక్కోమని సలహా కూడా ఇచ్చాడు.

ఎనభైల్లో మేము నరసరావుపేటలో ఉన్నప్పుడు అద్దానికి మచ్చ పడితే కొత్తది కొనేవాళ్ళం కాదు. స్టేషన్ రోడ్డులో మస్తాన్ కొట్టుకు పట్టుకెళ్ళేవాళ్ళం. అతను వెనకున్న పాత రసం పూత గీకేసి, వెండి నీళ్ళు పోసి, మళ్ళీ మన మొహం మనకిచ్చేవాడు. మొహం బాగోలేకపోతే అది తన పూచీ కాదని ముందే చెప్పేవాడు. ఇవాళ పొద్దున అతను గుర్తొచ్చాడు. మస్తాన్ గుర్తొస్తే మాస్టారు గుర్తు రాకుండా ఉండడు. మిగతా సగం గడ్డం చాలాసేపు అలాగే ఉండిపోయింది.

మాస్టారు మా కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాడు. నాది ఎకనామిక్సు. మా గదికీ వాళ్ళ లాబుకీ మధ్య ఒక తలుపుండేది, దానికి గడియ ఉండేది కాదు. ఆయనతో నా స్నేహానికి మొదటి కారణం అదే. రెండో కారణం, నాకు క్లాసులు తక్కువ, చేతులు రెండూ ఖాళీ. ఆయన ప్రయోగానికి గొడుగు పట్టుకునే మనిషి కావాలి.

గొడుగు సంగతి చెప్పాలి. ఆ నల్ల గొడుగును ఆయన ఎండలో తెరిచేవాడు కాదు. వానలో తెరిచినట్టు సాక్ష్యం లేదు. లాబులో మాత్రం తప్పకుండా తెరిచేవాడు. లాబు కిటికీలకు రెక్కలు ఊడిపోయాయి. కొత్తవి మంజూరు కావాలి. అవి మంజూరయ్యేదాకా పగటి వెలుగు స్పెక్ట్రోమీటరు మీద పడకుండా పైన గొడుగు పట్టాలి. నేను ఆ కాలేజీలో ఉన్నన్నాళ్ళూ మంజూరు కాలేదు. అందువల్ల నా ఉద్యోగానికి ఢోకా లేకపోయింది.

ఎడమ కన్ను మూసి మాట్లాడటం ఆయన అలవాటు. ఏళ్ళ తరబడి ఒంటికంటితో ఆ స్పెక్ట్రోమీటరుకుండే టెలిస్కోపులోకి చూసి చూసి, ఎదుటి మనిషి మాట శ్రద్ధగా వినాలనుకున్నప్పుడు కూడా ఆ కన్ను దానంతటదే మూతపడేది. కొత్తగా చేరిన బోటనీ మేడమ్ చేరిన వారంలోనే ప్రిన్సిపాలుగారికి ఫిర్యాదు చేసింది. ఆయన పిలిపించి మందలించబోయాడు. మాస్టారు ఆ మందలింపును ఎంతో శ్రద్ధగా, అంటే కన్ను మూసి, విన్నాడు. ప్రిన్సిపాలుగారికి విషయం అర్థమైంది. పంపించేశాడు.

ఇక ఆయన మాట ఒక్కటే, "చూద్దాం." పెళ్ళికి పిలిస్తే చూద్దాం. కాఫీ తాగుతారా అంటే చూద్దాం. మనలో ఎవరైనా ఆ మాటంటే కుదరదని అర్థం. ఆయనంటే నిజంగానే చూస్తాడని అర్థం. ఈ తేడా తెలియక ఆయన్ను చాలామంది అపార్థం చేసుకున్నారు. తెలిసి నేను ఎక్కువ ఇబ్బంది పడ్డాను.

ఆయనది ఈపూరు దగ్గర పల్లె. వాళ్ళ నాన్న కామెర్లకు పసరు ఇచ్చేవాడు. రోగి ఆదివారం తెల్లవారుతుండగా పరగడుపున రావాలి. అలా మూడు ఆదివారాలు. ఉప్పూ నూనే లేని చప్పిడి తిండి. పసరు తాగాక "వెళ్ళొస్తా" అనకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. వస్తానంటే రోగం కూడా వస్తుందని. ఆకు పేరు పైకి చెబితే మందు పనిచెయ్యదని ఇంకో కట్టు. ఆ పెద్దాయన పోయాక పొలం అన్నదమ్ములు పంచుకున్నారు. పసరు మాత్రం ఎవరూ పేచీ పెట్టకుండా పెద్దకొడుకైన మాస్టారి వాటాకొచ్చింది.

ఎం.ఎస్సీ. చదివిన మనిషి కదా, ఇవ్వనని చెప్పేయొచ్చు. చెప్పలేకపోయాడు. ఆదివారం పొద్దున నరసరావుపేటలో ఆయన ఇంటి అరుగు మీద పచ్చటి కళ్ళతో మనుషులు కూర్చుని ఉండేవారు. చిలకలూరిపేట జిన్నింగు మిల్లుల నుంచి, వినుకొండ నుంచి, ఎక్కడెక్కడి నుంచో. "మీ నాయన చెయ్యి మంచిదయ్యా, మా అన్నను బతికిచ్చింది" అనేవారు. ఆయన చీకటితోనే లేచి, ఎవరితో మాట్లాడకుండా ఆకు కోసుకొచ్చి, నూరి, పిండి, ఇచ్చేవాడు. వాళ్ళు తాగి, మాటా పలుకూ లేకుండా లేచి పోయేవారు. చూస్తే పోట్లాడి వెళ్తున్నట్టుండేది.

"చానామందికి నయమైంది కదా మాస్టారూ, మీకేంటి బాధ?" అన్నానొకసారి.

"పసరు తాగకపోయినా చాలామందికి అదే తగ్గిపోతుందని డాక్టరు చెప్పాడు. తగ్గినవాళ్ళు వచ్చి చెబుతారు. తగ్గనివాళ్ళు చెప్పడానికి రారు కదయ్యా" అన్నాడు.

అక్కడ మొదలైంది ఆ ప్రయోగం. కామెర్ల పచ్చదనం రక్తంలో ఒక ప్రోటీన్‌ను పట్టుకుని ఊరేగుతుందట. ఆకులో ఉన్నదేదో వెళ్ళి అదే ప్రోటీన్‌ను పట్టుకుంటే, పచ్చదనానికి చోటు లేక దిగిపోతుందేమోనని ఆయన ఊహ. "బస్సులో సీటులాగా" అన్నాను. కన్ను మూసి విన్నాడు. "అంతే" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

పట్టుకుంటుందో లేదో చూడటానికి మామూలుగా ఏదో ఒక రంగు తగిలిస్తారట. అలా తగిలిస్తే మనం చూసేది ఆకునో రంగునో తెలియదని ఆయన బెంగ. ఏ రంగూ ఏ గుర్తూ తగిలించకుండా చూసే పద్ధతి ఒకటి ఎండాకాలం శిక్షణకు హైదరాబాదు వెళ్ళినప్పుడు ఎవరో చూపించిన విదేశీ పత్రికలో చదివాడు. ప్రిజమ్ ఒక ముఖానికి పల్చగా వెండి పూస్తారు. గాజు వైపు నుంచి సోడియం దీపం వెలుగును ఏటవాలుగా పంపితే, తిరిగొచ్చే పసుపు వెలుగులో ఒకచోట నల్లటి చార కనిపిస్తుంది. వెండి అవతలి ముఖం మీద ఏదైనా వచ్చి కూర్చుంటే, కంటికి ఆననంత పల్చగా కూర్చున్నా సరే, ఆ చార పక్కకు జరుగుతుంది. అప్పుడు నీళ్ళతో కడగాలి. చార వెనక్కొచ్చేస్తే వచ్చినది చుట్టపుచూపుగా వచ్చిందని. రాకపోతే కాపురానికే వచ్చిందని. ఈ చివరి రెండు వాక్యాలు ఆయనవి కావు, నావి. ఆయన కోణాల్లో, డిగ్రీల్లో చెప్పాడు.

అలా ముందు వెండి మీద ప్రోటీన్‌ను కూర్చోబెట్టి, తర్వాత దాని మీద పసరు పోయాలి. ప్రోటీన్ కోసం తన రక్తమే వాడేవాడు. కాంపౌండరు చేత తీయించుకుని, గడ్డకట్టాక పైన తేరిన నీటిని ఇంజక్షన్ సీసాలో పోసుకొచ్చేవాడు. పసరు సీసా మీద మాత్రం ఏమీ రాసేవాడు కాదు.

"ఇదే ఆకు మాస్టారూ?"

"చెప్పను."

"పేరు చెబితే పనిచెయ్యదంటే మీరు నమ్ముతారా?"

"నమ్మను. కానీ చెప్పను."

వెండి పూతకు కావలసిన యంత్రం మా కాలేజీకి లేదు. అందుకని మస్తాన్. బీరువాల అద్దాలు, మంగలి షాపుల అద్దాలు, లారీ అద్దాలు చేసేవాడికి ఈయన వేలెడంత ప్రిజమ్ తీసుకెళ్ళి, వెండి ఎంత పల్చగా ఉండాలంటే అవతల దీపం కనపడాలన్నాడు. మస్తాన్‌కు అది పరువు తక్కువ పని. "ఇదేం అద్దం సారూ? ఇందులో ఇవతలోడు కనపడడు, అవతలోడు కనపడతన్నాడు. ఇట్టాంటిది నా కొట్లో చేశానని బయట చెప్పబాకండి" అనేవాడు. కానీ చేసేవాడు. ఆ పూత నిలవ ఉండేది కాదు. నాలుగు రోజుల్లో నల్లబడిపోయేది, మా స్నానాల గది అద్దంలాగే. అందుకని రెండు ప్రిజమ్‌లు. ఒకటి లాబులో ఉంటే ఒకటి కొట్లో ఉండేది. తెచ్చి ఇచ్చినప్పుడల్లా మస్తాన్ నిలబడి చూసి పోయేవాడు.

"మీరు ఆకు అద్దానికి తాపతన్నారు. కామెర్లు అద్దానికొచ్చినయ్యా సారూ?"

"చూద్దాం మస్తానూ."

"అద్దం వాకిట్లోకొచ్చి పరగడుపున కూసుంటదేమో చూడండి."

చాలా నెలలు చార మొరాయించింది. వెండి ఊడింది, లేదా దీపం వెచ్చబడేలోపు కరెంటు పోయింది. ఒకరోజు మొత్తానికి కుదిరింది. రక్తం నీరు పోస్తే చార జరిగింది. కడిగాం. పసరు పోస్తే ఇంకొంచెం జరిగింది. కడిగాం. వెనక్కి రాలేదు. మాస్టారు టెలిస్కోపు నుంచి తలెత్తి రెండు కళ్ళూ తెరిచాడు. ఆయన సంతోషం అంతే ఉంటుంది.

"పట్టుకుంది" అన్నాడు.

మస్తాన్ అప్పుడే రెండో ప్రిజమ్ తెచ్చి, క్యాంటీన్ టీ తాగుతూ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "నా టీ కూడా కాస్త తాపండి సారూ. అదేం పాపం చేసింది?" అన్నాడు.

నేను నవ్వాను. మాస్టారు నవ్వలేదు. "చూద్దాం" అన్నాడు. పాలు లేని డికాషన్ తెప్పించాడు. కొత్త ప్రిజమ్ పెట్టి, మళ్ళీ రక్తం నీరు పోసి, దాని మీద టీ పోశాడు. చార జరిగింది, ఆకుకంటే ఎక్కువ. కడిగితే రాలేదు. మర్నాడు కరక్కాయ నీళ్ళు పోశాడు. ఇంకా ఎక్కువ. వగరుగా ఉండేదేదైనా దొరికిన ప్రోటీన్‌నల్లా పట్టుకుంటుందట. నాలుక మీద వగరంటేనే అదట. ఆకు పట్టుకుంటోందన్నది నిజమే. కాకపోతే ప్రపంచంలో సగం వస్తువులు పట్టుకుంటున్నాయి.

"అట్టయితే మా బజారు మొగదల టీకొట్టోడు పెద్ద డాక్టరన్నమాట" అని మస్తాన్ పగలబడి నవ్వాడు. మాస్టారు కన్ను మూసి శ్రద్ధగా విన్నాడు.

ఆ ఆదివారం అరుగు మీద కూర్చున్నవాళ్ళకు చేతులు జోడించి, "ఇప్పుడివ్వలేను, ఆసుపత్రికి వెళ్ళండి, నాకు తేలాక ఇస్తాను" అని చెప్పాడు. వాళ్ళు ఇంకా కాసేపు కూర్చుని చూశారు, ఆయన మనసు మారుతుందేమోనని. మారకపోయేసరికి లేచారు. ఆ తరవాతి ఆదివారం ఇంకొందరు వచ్చారు. వాళ్ళూ అలాగే కూర్చుని అలాగే లేచారు. క్రమంగా రావడం తగ్గింది. లోపల మాస్టారు మాత్రం టీ పట్టుకోవడానికీ ఆకు పట్టుకోవడానికీ తేడా ఏమైనా ఉందా అని వెతుకుతూనే ఉన్నాడు. నేను గొడుగు పట్టుకునే ఉన్నాను.

అప్పుడొచ్చాయి మస్తాన్‌కు కామెర్లు.

ఆదివారం పొద్దున పరగడుపున, తలస్నానం చేసి, పద్ధతి ప్రకారం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పక్కన భార్య ఖాసింబీ. మాది పక్క వాటా కాబట్టి నేను పళ్ళు తోముకుంటూ బయటికొచ్చాను. అతని కళ్ళు మా సోడియం దీపంలా ఉన్నాయి. నాకెప్పుడూ ఏదో ఒక హాస్యం తోస్తుంది. ఆ పూట తోచలేదు.

"గుంటూరు పెద్దాసుపత్రికి పోవాలి మస్తానూ" అన్నాడు మాస్టారు.

"పొయ్యొచ్చా సారూ. పడుకోమన్నారు, నూనె మానమన్నారు. పడుకోమని చెప్పిచ్చుకోడానికి గుంటూరు దాకా పోవాల్నా? బజార్లో ఎవర్నడిగినా చెప్తారు."

"ఆ పసరు నాకింకా తేలలేదయ్యా. మంచే చేస్తుందో, చెడే చేస్తుందో. లివరు అసలే దెబ్బతిని ఉంటుంది. నీ మీద చూడమంటావా?"

"మీ నాయన మా మామకిచ్చాడు" అంది ఖాసింబీ. "పోయినేడు దాకా ఇనపముక్కలా ఉండె."

మాస్టారు ఆవిడ వైపు చూశాడు. కన్ను మూతపడింది. తన రక్తంతో కాకుండా మస్తాన్ రక్తంతోనే చూస్తానన్నాడు. పచ్చదనం ఎక్కి కూర్చున్న ప్రోటీన్ మీద పసరు పోస్తే చార ఎటు జరుగుతుందో చూడాలన్నాడు. పచ్చదనం దిగిపోతే టీకీ దీనికీ తేడా అక్కడ తెలుస్తుంది. "ఒక్క వారం ఆగు. వచ్చే ఆదివారానికి తేల్చేస్తా."

మస్తాన్ గోడ పట్టుకుని లేచాడు. మెట్లు దిగి వెనక్కి తిరిగాడు. "వస్తా సారూ. మందు తాగలేదుగా, చెప్పొచ్చు" అన్నాడు.

తీరా చూస్తే, తేల్చడానికి వెండి పూత కావాలి. లాబులో ఉన్న పూత నల్లబడిపోయింది. ఊళ్ళో ఆ పూత వెయ్యగలవాడు ఒక్కడే, వాడికి కామెర్లు. మాస్టారు తనే వెయ్యబోయాడు. అమోనియా వాసనకు బోటనీ మేడమ్ మళ్ళీ ఫిర్యాదు చేసింది. పూత కాగితంలా ఊడొచ్చింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ ఊడింది. గురువారం సాయంత్రం, ఎలా వెయ్యాలో నోటిమాటగానైనా అడుగుదామని, పూత ఊడిన ప్రిజమ్ జేబులో వేసుకుని ఇద్దరం మస్తాన్ ఇంటికెళ్ళాం. కొట్టు వెనకే ఇల్లు.

విని, అతను మంచం మీంచి లేచాడు.

"వొద్దు, వొద్దు, చెప్తే చాలు" అన్నాడు మాస్టారు.

"చెప్తే వొచ్చే పనయితే ఇన్నేళ్ళు నేనెందుకు చేస్తా సారూ?"

"నీ కళ్ళే పసుపు పూసినట్టున్నయ్యి, నువ్వు అద్దాలకి వెండి పూస్తా కూసుంటావా? బుద్ధుందా నీకు? వీళ్ళకి లేదు సరే!" అంది ఖాసింబీ. మేమిద్దరం గోడవైపు చూశాం. ఆవిడ అరుస్తూనే నీళ్ళ చెంబు తెచ్చి పక్కన పెట్టింది, భర్త వీపుకు దిండు ఆనించింది.

వాంతి వస్తే మధ్యలో ఆపాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. ప్రిజమ్‌ను పళ్ళెంలో ముంచి, తిప్పి, సరైన సమయానికి తీసి కడిగి, దీపానికెదురుగా పట్టుకుని చూశాడు. అంత మంచి పూత అతను ఎప్పుడూ వెయ్యలేదు. తనకు మందు ఇవ్వొచ్చో లేదో చెప్పాల్సిన అద్దాన్ని తనే లేచి తయారు చేసుకున్న రోగిని నేను మళ్ళీ చూడలేదు. వెళ్ళేటప్పుడు మస్తాన్, "ఇన్నాళ్ళు అద్దానికి తాపారు. ఈపాలి కూడా తేలకపోతే దాన్నొదిలేసి నాకు తాపండి" అన్నాడు.

కాంపౌండరు తీసుకొచ్చిన మస్తాన్ రక్తంతో శనివారం మధ్యాహ్నం లాబులో కూర్చున్నాం. నేను గొడుగు పట్టాను. రక్తం నీరు పోస్తే చార జరిగింది. కడిగాడు. పసరు పోశాడు. చార ఇంకొంచెం జరిగింది. కడిగాడు. వెనక్కి రాలేదు. పచ్చదనం దిగిందా అని అడిగాను.

"దిగిందో లేదో ఇందులో తెలియదయ్యా. పసరు ఎక్కిన బరువులో అది దిగిన బరువు ఎక్కడ కనిపిస్తుంది? ముందే తట్టాల్సింది నాకు." ఆగి, "ఎక్కిందనే చెబుతుంది. ఎక్కి ఏం చేసిందో చెప్పదు" అన్నాడు.

అప్పుడే కరెంటు పోయింది. సోడియం దీపం ఎర్రగా అయి ఆరిపోయింది. ఇక కాపాడాల్సిన దీపం వెలుగు లేకపోయినా నేను గొడుగు దించలేదు, ఆయన దించమనలేదు. బయట పిల్లలు వాలీబాల్ ఆడుతున్న చప్పుడు. "రేపు ఇచ్చేద్దాం" అన్నాడు. తేలకుండానే, చూద్దాం అనకుండా ఆయన ఒక నిర్ణయం చెప్పడం నేను వినడం అదొక్కసారే.

ఆదివారం చీకటితోనే లేచి ఆకు కోసుకొచ్చాడు. స్టీలు గ్లాసులో పసరు పోసి, పైన ఆకు మూత పెట్టి, రోగి రావాల్సిన పద్ధతికి విరుద్ధంగా ఆయనే బయల్దేరాడు. నేను వెంట వెళ్ళాను. కొట్టు మూసి ఉంది. పక్కనున్న సైకిల్ మెకానిక్ పందుంపుల్ల నోట్లోంచి తీసి, "రాత్రి తెలివి తప్పాడు సారూ. గుంటూరు తీసకపోయారు" అన్నాడు.

మాస్టారు గ్లాసుతో అక్కడే నిలబడ్డాడు. పారబోయడానికి చెయ్యి రాలేదు. ఇంటికి తీసుకుపోయి ఏం చెయ్యాలో తెలియదు. దారిన పోయేవాళ్ళు, పాలో ఏదో తీసుకెళ్తున్నాడనుకుని పలకరించి పోతున్నారు. ఆయన అందరికీ తల ఊపుతున్నాడు. చివరికి ఆ గ్లాసు నేను తీసుకున్నాను. మస్తాన్ సోమవారం పోయాడు.

ఆ తరవాత ఆదివారాలు మాస్టారు ఊళ్ళో ఉండటం మానేశాడు. తెల్లారకముందే మాచర్ల బస్సెక్కేవాడు. మాచర్లలో ఆయనకెవరూ లేరు. సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. ఏం చేసొచ్చారని అడిగితే, "ఊరు చూశా" అనేవాడు. లాబులో స్పెక్ట్రోమీటరు మీద ఆఖరి పూతతో ఆ ప్రిజమ్ అలాగే ఉండిపోయింది. పరీక్షలకు పిల్లలకు కావాలన్నా తియ్యనిచ్చేవాడు కాదు. అంచుల నుంచి నల్లబడుతూ, నల్లబడుతూ, మొత్తం నల్లబడింది.

ఖాసింబీ ఒక మామూలు పనిరోజున కాలేజీకి వచ్చింది. కొట్లో ఉండిపోయిన రెండో ప్రిజమ్‌ను పాత గుడ్డలో చుట్టి తెచ్చి, మాస్టారి బల్ల మీద పెట్టింది. "మీ గాజు సారూ. కొట్టు ఖాళీ చేస్తన్నాం" అంది.

ఆయన లేచి నిలబడ్డాడు. కుర్చీ చూపించాడు. ఆవిడ కూర్చోలేదు. ఆయన చాలాసేపు గుడ్డ మడతలు విప్పుతూ ఉండిపోయాడు. నేను మా గదిలోకి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ మధ్య తలుపుకు గడియ లేదు. ఎక్కడున్నా వినపడుతుంది.

"ఆ మందు పనిచేసేదో లేదో నాకు ఇప్పటికీ తెలియదమ్మా" అన్నాడు. "తెలియకుండా ఎలా ఇవ్వను?"

ఖాసింబీ కొంగు భుజాన సర్దుకుంది.

"మీ నాయన మాత్రం తెలిసే ఇచ్చాడా సారూ?" అంది.